ధ్రువ సముద్రాల బురదలో సూక్ష్మ శిలాజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో భూవిజ్ఞానం చదివే పిల్లలకు నేను సూక్ష్మ శిలాజాల పాఠం చెబుతాను. ఏటా కొత్త పిల్లలు వస్తారు, పాత సందేహాలే వస్తాయి. కర్నూలు, అనంతపురం నుంచి ఫోన్ చేసే విద్యార్థులూ అవే అడుగుతారు. తాగునీటికి బోరు మీద బోరు వేసుకునే ఊళ్లలో ఉండి అంటార్కిటికా సముద్రం గురించి ఎందుకు చదవాలని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే పెట్టి, కింద జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సూక్ష్మ శిలాజం అంటే ఏమిటి? కంటికి కనిపిస్తుందా?

సూక్ష్మదర్శిని లేకుండా గుర్తుపట్టలేని శిలాజాన్ని సూక్ష్మ శిలాజం అంటాం. ధ్రువ సముద్రాల పనిలో ముఖ్యంగా నాలుగు రకాలు చేతికి వస్తాయి. ఫొరామినిఫెరా, పొట్టిగా ఫొరామ్‌లు, సున్నపు గవ్వ కట్టుకునే ఏకకణ జీవులు. కొన్ని ఇసుక రేణువులను అతికించుకుని గూడు కట్టుకుంటాయి. చాలావాటి గవ్వ మిల్లీమీటరులో పదో వంతు నుంచి అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. రాగిగింజ పక్కన పెడితే నలుసులా కనిపిస్తుంది. డయాటమ్‌లు అంతకంటే చిన్నవి. సూర్యకాంతితో ఆహారం చేసుకునే ఈ శైవలాలు గాజులాంటి సిలికాతో అడుగూ మూతా ఉన్న డబ్బీ చేసుకుంటాయి. రేడియోలేరియాలు కూడా సిలికానే వాడతాయి, కానీ వాటిది బుట్టలా అల్లిన అస్థిపంజరం. నాలుగోది డైనోఫ్లాజెల్లేట్ల తిత్తి. దానికి ఆమ్లంలో వేసినా కరగని సేంద్రియ గోడ ఉంటుంది. జీవి చచ్చాక మెత్తని భాగం పోతుంది. గట్టి భాగం అడుగుకు చేరి పొరల్లో మిగులుతుంది.

గడ్డకట్టిన సముద్రంలో ప్రాణులు ఎలా ఉంటాయి?

సముద్రపు మంచు మన ఫ్రిజ్‌లోని మంచుగడ్డలాంటిది కాదు. ఉప్పునీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టుకుపోయి, మంచులో సన్నని కాలువల్లో చిక్కని ఉప్పునీరుగా నిలుస్తుంది. ఆ కాలువల గోడలకు డయాటమ్‌లు పట్టుకుని పెరుగుతాయి. అందుకే ఓడ మంచును చీల్చుకుంటూ పోతే తిరగబడిన పలకల అడుగు గోధుమ రంగులో కనిపిస్తుంది. 1839–43 మధ్య అంటార్కిటికా చుట్టూ తిరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ ఆ గోధుమ మరక డయాటమ్‌లదేనని రాశాడు. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా అనే ఫొరామ్ కూడా అంటార్కిటికా మంచు లోపల బతికి దొరికింది. వసంతంలో మంచు కరిగితే ఈ జీవులన్నీ ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. పెంకుల వాన మొదలయ్యేది అప్పుడే.

మన కడప నాపరాయిలో వీటిని వెతకవచ్చా?

వెతకవచ్చు, దొరకవు. ఈ ప్రశ్న అడిగిన ప్రతి విద్యార్థిని చూసి నాకు సంతోషం కలుగుతుంది, ఎందుకంటే ఇంటి గచ్చు నుంచి ఆలోచన మొదలుపెట్టారన్నమాట. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు గనుల్లో తీసే నాపరాయి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురదే. బెలూం గుహలు తొలుచుకున్నదీ అలాంటి సున్నపురాయిలోనే. కానీ ఆ రాయి ప్రొటెరోజోయిక్ కాలానిది, అంటే 54 కోట్ల ఏళ్ల కంటే పాతది. గవ్వ కట్టే ఫొరామ్‌లు కేంబ్రియన్ కాలంలో, అంటే సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటి నుంచి కనిపిస్తాయి. డయాటమ్‌లైతే జురాసిక్ కాలం తర్వాతివి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే వేంపల్లె డోలమైటు చూడండి. దానిమీది తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు, కాబట్టి డోలమైటు అంతకంటే పాతది. అందులో ఉల్లిపాయ పొరల్లా వంగిన గీతలు కనిపిస్తాయి. అవి స్ట్రొమటోలైట్లు, సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని కట్టిన పొరలు. అక్కడ ఒక్కో జీవి పెంకు ఉండదు, గుంపు చేసిన కట్టడం మాత్రమే ఉంటుంది. ఒక్కో పెంకును జాతి పేరుతో పిలిచి నీరు ఎంత చల్లగా ఉందో అడగడం ఆ రాళ్లతో సాధ్యం కాదు.

ఐస్ కోర్లు ఉన్నాయి కదా, మళ్లీ బురద ఎందుకు?

ఐస్ కోర్ అంటే మంచులోకి బోలు గొట్టం దింపి తీసిన పొడవాటి మంచు కడ్డీ. అంటార్కిటికాలోని డోమ్ సి వద్ద తీసిన మంచు 8 లక్షల ఏళ్ల గాలిని బుడగల్లో దాచి ఉంచింది. అంత నేరుగా పాత గాలిని అందించే ఆధారం మరొకటి లేదు. అయితే మంచు నేల మీద పేరుకున్నది. సముద్రం ఎంత వెచ్చగా ఉంది, తేలే మంచు ఏ అక్షాంశం దాకా పాకింది, నీటిలో ఎంత జీవం ఉంది అని అడిగితే సముద్రపు అడుగే చెప్పాలి. పైగా బురద కోట్ల ఏళ్ల వెనక్కి వెళుతుంది.

## బురద పైకి వచ్చేదాకా

అంత లోతు నుంచి పొరలు చెదరకుండా ఎలా తీస్తారు?

మన దగ్గర బోరు వేసేటప్పుడు బయటికి ఎగజిమ్మే రాతిపొడి చూసే ఉంటారు. పొడి రంగు మారితే కింద రాయి మారిందని బోరు లారీ మనిషి చెప్పేస్తాడు. కానీ ఆ పొడిలో పై పొరా కింది పొరా కలిసిపోతాయి. ఇక్కడ కావలసింది కలవని పొరలు. అందుకని బోలు గొట్టాన్ని దింపి, అందులో నిండిన బురద కడ్డీని, అంటే కోర్‌ను, పైకి తీస్తారు. పైన బరువు కట్టి వదిలితే తన బరువుతోనే బురదలోకి దిగేది గ్రావిటీ కోరర్. గొట్టం దిగుతుండగా లోపల ముషలకం పీల్చి పట్టడంతో మరింత పొడవైన కోర్ తెచ్చేది పిస్టన్ కోరర్. బరువు కోరర్ దెబ్బకు అన్నిటికంటే పైనున్న మెత్తటి పొర చెదిరిపోతుంది కాబట్టి, దాన్ని తీయడానికి చిన్న గొట్టాలు నెమ్మదిగా దిగే మల్టీ కోరర్ వాడతారు.

వందల మీటర్ల లోతుకు పోవాలంటే డ్రిల్లింగ్ ఓడ కావాలి. గ్లోమర్ ఛాలెంజర్ 1972–73 వేసవిలో అంటార్కిటికా దగ్గర రాస్ సముద్రంలో తవ్వింది. తర్వాతి తరంలో జోయిడెస్ రిజల్యూషన్ 2024 దాకా ఆ పని చేసింది. ఉత్తర ధ్రువం దగ్గర కష్టం వేరు. కదిలే మంచులో ఓడ ఒకేచోట నిలవాలి. 2004లో ఆర్కిటిక్ సముద్రం అడుగునున్న లొమొనోసోవ్ రిడ్జ్ అనే కొండల వరుస మీద ఒక ఓడ తవ్వుతుంటే, రెండు మంచుకోత ఓడలు ఎదురొచ్చే మంచు పలకలను పగలగొడుతూ కాపలా కాశాయి.

ఒక సెంటీమీటరు బురద అంటే ఎన్ని ఏళ్లు?

చోటును బట్టి ఉంటుంది. తీరానికి దూరంగా, లోతైన సముద్రంలో వెయ్యేళ్లకు ఒకటో రెండో సెంటీమీటర్లు పేరుకోవడం మామూలే. అంటార్కిటికా తీరంలో అడెలీ లాండ్ దగ్గర ఒక గుంతలో మాత్రం, గత 11 వేల ఏళ్లలో 150 మీటర్లకు పైగా డయాటమ్ బురద నిండింది. అంటే ఏడాదికి సెంటీమీటరు కంటే ఎక్కువ. అక్కడ ఏ ఏటి పొర ఆ ఏడుగా కంటికి కనిపిస్తుంది. ఇలాంటి చోట్లు అరుదు, అందుకే వాటి విలువ ఎక్కువ.

పొర వయసు ఎలా తెలుస్తుంది?

ఒక్క పద్ధతితో తేల్చరు. 50 వేల ఏళ్ల లోపు అయితే రేడియోకార్బన్ వాడతారు. దక్షిణ మహాసముద్రంలో దీనికి ఒక చిక్కు ఉంది. లోతుల్లో చాలాకాలం ఉండి పైకి వచ్చే నీటిలో కార్బన్ ముందే పాతబడి ఉంటుంది. ఈరోజు అక్కడ పట్టిన గవ్వకు కూడా వెయ్యేళ్లకు పైగా వయసు చూపిస్తుంది. ఆ తేడా తీసివేయాలి. మరింత పాత పొరలకు భూమి అయస్కాంత దిశ తిరగబడిన గుర్తులు సాయపడతాయి. చివరిసారి శాశ్వతంగా తిరగబడింది సుమారు 7.7 లక్షల ఏళ్ల కిందట. అగ్నిపర్వత బూడిద పొర దొరికితే అదృష్టం. సూక్ష్మ శిలాజాలూ గడియారాలే. ఒక జాతి మొదట కనిపించిన మట్టం, చివరిసారి కనిపించిన మట్టం చాలా కోర్లలో సరిపోలితే, కొత్త కోర్‌లో ఆ జాతిని చూడగానే కాలం అందుతుంది. ఓడ మీద ఉన్న సూక్ష్మ శిలాజ నిపుణులు కోర్ పైకి వచ్చిన గంటల్లోనే వయసు చెప్పగలిగేది ఇలాగే.

## ప్రయోగశాలలో

బురదలోంచి పెంకులు ఎలా వేరు చేస్తారు?

ఫొరామ్‌లకైతే బురదను తూచి, నీటిలో నానబెట్టి, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ మీద సన్నని ధారతో కడుగుతాం. బంకమట్టి జారిపోతుంది, ఇసుకలా కనిపించేది జల్లెడ మీద మిగులుతుంది. తక్కువ వేడిలో ఆరబెడతాం. ఒకసారి ఒక విద్యార్థి సాయంత్రం త్వరగా ఇంటికి వెళ్లాలని పొయ్యి వేడి పెంచాడు. సరిగ్గా కడగని బంకమట్టి గవ్వల చుట్టూ ఇటుకలా కాలిపోయింది. రెండు వారాల కడుగుడు పోయింది.

కడుగుడులో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒక నమూనాకూ మరో నమూనాకూ మధ్య జల్లెడను మిథిలీన్ బ్లూ రంగులో ముంచుతాం. జల్లెడ కన్నాల్లో ఇరుక్కుపోయిన పాత గవ్వ ఏదైనా ఉంటే అది నీలంగా మారుతుంది. తర్వాతి నమూనాలో నీలి గవ్వ కనిపిస్తే అది ఈ పొరది కాదని తెలిసిపోతుంది, లెక్కలోంచి తీసేస్తాం. లక్ష ఏళ్ల తేడా ఉన్న రెండు పొరలు కలిసిపోకుండా ఆపుతున్నది ఆ చిటికెడు రంగు.

డయాటమ్‌ల పద్ధతి వేరు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థాన్ని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని తీసేసి, మిగిలిన సిలికాను పలుచని గాజు బిళ్ల మీద నెమ్మదిగా పేరుకోనిస్తారు. గాజు మీద గాజు ముక్కను మామూలు జిగురుతో అంటిస్తే కనిపించదు. కాంతిని బాగా వంచే ప్రత్యేకమైన జిగురు వాడితేనే గీతలు తేలుతాయి. ఈ ఆమ్లాల పని ఆవిర్లను బయటికి లాగే పొగగూటి కింద, చేతి తొడుగులతో, ఒక పెద్ద మనిషి పక్కన ఉండగానే చేయాలి. డైనోఫ్లాజెల్లేట్ తిత్తులను వేరు చేసేందుకు వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని విద్యార్థులు అసలు ముట్టకూడదు.

కచ్చితంగా 300 ఎందుకు లెక్కపెట్టాలి? 100 చాలదా?

నమూనాలో నూటికి ఒకటి చొప్పున ఉన్న జాతి, 300 పెంకులు చూస్తే కనీసం ఒక్కసారైనా కంటబడే అవకాశం 95 శాతం. 100తో ఆపితే అది 63 శాతానికి పడిపోతుంది. ధ్రువ ప్రాంతాల్లో మంచు సంగతి చెప్పే జాతులు కొన్ని పొరల్లో 2, 3 శాతమే ఉంటాయి. ఆ కొద్దిపాటి వాటి మీదే మొత్తం తీర్పు నిలబడుతుంది. పగిలిన డయాటమ్‌లను ఎలా లెక్కించాలో ముందే నియమం పెట్టుకోండి. సగానికంటే ఎక్కువ మిగిలితేనే ఒకటి అనుకుంటే, చివరి స్లైడు దాకా అదే పాటించాలి.

ఎడమచుట్టు, కుడిచుట్టు గవ్వలంటే ఏమిటి?

దక్షిణావర్త శంఖం పేరు విన్నవాళ్లకు చుట్టు దిశ అనే మాట కొత్త కాదు. ఫొరామ్ గవ్వను చుట్టు కనిపించే వైపు నుంచి చూస్తే, గదులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో పెరిగితే ఎడమచుట్టు, ముల్లు దిశలో పెరిగితే కుడిచుట్టు. ధ్రువ జలాల్లో తేలే ఫొరామ్‌లలో పెత్తనమంతా ఎడమచుట్టు పాకిడెర్మాదే. మందమైన, చక్కెర పలుకులా మెరిసే చిన్న గవ్వ. ఒకప్పుడు ఇదే జాతి వెచ్చని నీటిలో కుడికి తిరుగుతుందని అనుకునేవారు. జన్యు పరీక్షలు వచ్చాక కుడిచుట్టుది వేరే జాతి అని తేలింది, 2006 నుంచి దాన్ని ఇన్‌కంప్టా అని వేరుగా పిలుస్తున్నారు. హిమయుగంలో ఉత్తర అట్లాంటిక్‌లోకి మంచుకొండలు కొట్టుకొచ్చిన కాలాల్లో, ఎడమచుట్టు గవ్వలు పోర్చుగల్ తీరం దాకా దిగిన సంగతి కోర్లలో కనిపిస్తుంది.

మేడమ్, నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎప్పటికి గుర్తుపట్టగలను?

మూడు నెలలు ఓపిక పట్టండి. నల్లని అట్ట పళ్లెం, 60 గళ్ల స్లైడు, అతి సన్నని కుంచె. కుంచె కొనను తడిపి గవ్వను తాకితే అది అంటుకుని లేస్తుంది, గడిలో పెడితే ట్రాగకాంత్ జిగురు పట్టుకుంటుంది. కుంచె తడి ఎక్కువైతే గవ్వ నీటిలో కొట్టుకుపోతుంది, తక్కువైతే లేవదు. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతుంది. మొదటి వారం పేర్ల జోలికి పోకుండా, ఒకేలా ఉన్నవాటిని ఒక గడిలో పెడుతూ పొండి. ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి ఈ పనికి బాగా కుదురుతుందని నా అనుభవం. గవ్వలను బొమ్మ గీయండి. ఫొటో తీస్తే కన్ను చూడటం మానేస్తుంది, గీస్తే గదులెన్నో లెక్కపెట్టక తప్పదు.

కంప్యూటర్లు లెక్కపెట్టేస్తాయి కదా, ఇక మనిషి ఎందుకు?

ఫొటోల నుంచి జాతులు గుర్తించే ప్రోగ్రాములు వచ్చాయి, బాగా పనిచేస్తున్నాయి. వాటికి ముందు సరైన పేర్లతో వేల ఫొటోలు నేర్పాలి. ఆ పేర్లు పెట్టాల్సింది గుర్తుపట్టగల మనిషే.

## లెక్క నుంచి సముద్రానికి

ఒక జాతి దొరికితే అప్పుడు నీరు చల్లగా ఉండేదని ఎలా అంటారు?

ఒక్క జాతిని చూసి అనరు, మొత్తం గుంపును చూస్తారు. ముందు ఈనాటి సముద్రపు అడుగు పై పొరను వందల చోట్ల తీసి, ప్రతిచోటా ఏ జాతి ఎంత శాతమో లెక్కించి, ఆ చోటి నీటి ఉష్ణోగ్రతతో జత చేస్తారు. ఆ తర్వాత పాత పొరలోని గుంపును ఈ పట్టికతో పోల్చి, దేనికి దగ్గరగా ఉందో చూస్తారు. ఈ లెక్కకు గణిత రూపం ఇచ్చినది 1971లో జాన్ ఇంబ్రీ, నీల్వా కిప్. ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది: ఆ జాతి అలవాట్లు అప్పటికీ ఇప్పటికీ మారలేదని. కొన్ని లక్షల ఏళ్ల దాకా అది సమంజసమే. కోట్ల ఏళ్ల వెనక్కి పోతే జాతులే వేరు, అప్పుడు ఇతర ఆధారాలు తోడు కావాలి.

సముద్రపు మంచు ఎక్కడిదాకా ఉండేదో పెంకులు ఎలా చెబుతాయి?

దక్షిణ మహాసముద్రంలో ఫ్రాజిలారియోప్సిస్ కర్టా, ఫ్రాజిలారియోప్సిస్ సిలిండ్రస్ అనే రెండు డయాటమ్‌లు మంచు అంచునే అంటిపెట్టుకుంటాయి. వాటి బంధువు ఫ్రాజిలారియోప్సిస్ కెర్గులెన్సిస్ మంచు లేని బయటి సముద్రానిది, పెంకు బరువుగా మందంగా ఉంటుంది. మొదటి రెండూ కలిసి 3 శాతం దాటితే ఆ చోట శీతకాలంలో మంచు ఉండేదని లెక్క. ఈ కొలతతో చూస్తే, సుమారు 20 వేల ఏళ్ల కిందటి గాఢ హిమయుగంలో అంటార్కిటికా చుట్టూ శీతకాలపు మంచు దాదాపు 3.9 కోట్ల చదరపు కిలోమీటర్లు ఉండేదని 2005లో అంచనా వేశారు. అది ఈ కాలపు విస్తీర్ణానికి సుమారు రెండింతలు. 2023 సెప్టెంబరులో ఉపగ్రహాలు కొలిచిన గరిష్ఠ విస్తీర్ణం 1.7 కోట్ల చదరపు కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ, ఉపగ్రహ కొలతలు మొదలయ్యాక శీతకాలంలో అంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఐపీ25 అంటే ఏమిటి?

ఆర్కిటిక్ మంచులో బతికే కొన్ని డయాటమ్‌లు తయారుచేసే కొవ్వులాంటి అణువు. అందులో 25 కార్బన్ పరమాణువులు ఉంటాయి. పెంకు కరిగిపోయినా అణువు బురదలో మిగలవచ్చు. 2007లో సైమన్ బెల్ట్ బృందం దీన్ని మంచు గుర్తుగా వాడవచ్చని చూపింది. కాకపోతే ఐపీ25 లేకపోవడానికి రెండు అర్థాలున్నాయి: మంచే లేదు, లేదా వెలుతురు దూరనంత మందంగా మంచు కప్పి డయాటమ్‌లే పెరగలేదు. ఆ రెండింటినీ విడదీయడానికి బయటి సముద్రపు శైవలాల అణువులను కూడా పక్కన పెట్టి కొలుస్తారు.

ఆక్సిజన్ ఐసోటోపులతో ఏం తెలుస్తుంది?

ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు. నీటిలో తేలిక ఆక్సిజన్-16, బరువు ఆక్సిజన్-18 రెండూ ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేస్తుంది. ఆ ఆవిరి ధ్రువాల మీద మంచుగా కురిసి అక్కడే నిలిచిపోతే, సముద్రంలో బరువుది పాలు పెరుగుతుంది. గవ్వ కట్టుకునే ఫొరామ్ ఆ నీటినే వాడుకుంటుంది. పైగా నీరు చల్లబడితే గవ్వలోకి బరువుది ఇంకా ఎక్కువ చేరుతుంది. అంటే గవ్వలో బరువుదానికీ తేలికదానికీ ఉన్న నిష్పత్తి అనే ఒకే అంకెలో మంచు పరిమాణం, ఉష్ణోగ్రత రెండూ కలిసి ఉన్నాయి. గవ్వలోని మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తితో ఉష్ణోగ్రతను విడిగా పట్టి ఆ ముడి విప్పుతారు. సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట అడుగున బతికే ఫొరామ్‌లలో ఈ అంకె ఒక్కసారిగా పైకి లేచింది. అంటార్కిటికా మీద పెద్ద హిమఫలకం ఏర్పడిన గుర్తు అది.

నమూనాలో ఏమీ దొరకకపోతే ఆ నమూనా వృథాయేనా?

కాదు. నేను ఎక్కువ సమయం పెట్టి చెప్పేది ఈ ఒక్క విషయమే. ఖాళీ పొరను చూసి ‘అప్పుడు ప్రాణం లేదు’ అని రాసేయడం ఈ చదువులో అన్నిటికంటే తేలికైన తప్పు.

పెంకు లేకపోవడానికి వేరువేరు కారణాలు ఉండవచ్చు. జీవులు అసలు పెరగకపోయి ఉండవచ్చు. పెరిగి, చచ్చి, దిగే దారిలోనో అడుగునో కరిగిపోయి ఉండవచ్చు. సముద్రపు నీటిలో సిలికా ఎప్పుడూ తక్కువే, అందుకే అది పెంకును కరిగించుకుంటుంది, కాబట్టి ఉపరితలంలో తయారైన డయాటమ్ పెంకుల్లో కొద్ది శాతమే పొరలో నిలుస్తుంది. సున్నపు గవ్వను చల్లని, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన లోతు నీరు తినేస్తుంది. అంటార్కిటికా చుట్టూ చాలాచోట్ల ఇసుక అతుకుల ఫొరామ్‌లు మాత్రమే మిగలడానికి కారణం అదే. లేదా హిమానీనదం తెచ్చి కుమ్మరించిన కంకర, మట్టిలో పెంకులు పలుచబడిపోయి ఉండవచ్చు.

వీటిని వేరు చేయడానికి మిగిలినవాటి ముఖం చూడాలి. దొరికిన నాలుగు డయాటమ్‌ల అంచులు కొరికినట్టు ఉన్నాయా? బలమైన, మందమైన జాతులే మిగిలి సున్నితమైనవి పోయాయా? అయితే కరుగుడు జరిగింది, అక్కడ శాతాలను నమ్మకూడదు. పెంకులు తక్కువే అయినా అంచులు పదునుగా, సన్నని జాతులు కూడా చెక్కుచెదరకుండా ఉంటే జీవులే తక్కువ పెరిగాయన్న మాటకు బలం వస్తుంది. ఇలా చదివితే ఖాళీ పొర మాట్లాడుతుంది.

2002 మొదట్లో, అక్కడి వేసవిలో, అంటార్కిటికా ద్వీపకల్పం పక్కన లార్సెన్-బి అనే తేలే మంచు పలకలో సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు కొద్ది వారాల్లో పగిలి చెదిరిపోయాయి. అంతవరకు ఆ పలక కప్పి ఉంచిన అడుగు నుంచి కోర్లు తీసి, డయాటమ్‌లను, ఫొరామ్‌ల ఐసోటోపులను పరిశీలించారు. పలక తెరుచుకుని ఉంటే వెలుతురు పడి డయాటమ్ పొర ఏర్పడాలి. హిమయుగం ముగిసిన దగ్గర్నుంచి అలాంటి పొర లేదు. పది వేల ఏళ్లకు పైగా నిలిచిన పలక మన కళ్లముందు పోయిందని 2005లో ప్రకటించగలిగారు. లేని పెంకులు ఇచ్చిన సాక్ష్యం అది.

పాత శిలాజాలు కొత్త పొరలో కలిసిపోతే?

కలుస్తాయి. హిమానీనదాలు పాత పొరలను గీరి తెచ్చి కొత్తవాటి మీద పోస్తాయి. అడుగున పురుగులు పై కొన్ని సెంటీమీటర్లను కలబెడతాయి. గాలి కూడా మోస్తుంది. 1980లలో ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాల మీద సిరియస్ అని పిలిచే హిమానీనద నిక్షేపాల్లో సముద్రపు డయాటమ్‌లు దొరికాయి. తూర్పు అంటార్కిటికా లోపలి పల్లాల్లో సముద్రం ఉండేదని, హిమఫలకం వాటిని గీరి పైకి తెచ్చిందని, అంటే సుమారు 30 లక్షల ఏళ్ల కిందట హిమఫలకం చాలావరకు కరిగిందని ఒక వర్గం అన్నది. గాలే ఎగరేసుకొచ్చిందని మరో వర్గం వాదించింది. ఏళ్ల తరబడి సాగిన ఆ వివాదం మొత్తం కొన్ని పెంకులు ఏ దారిన వచ్చాయన్న దాని మీదే నడిచింది. కాలానికి సరిపోని జాతి కనిపిస్తే దాన్ని పారేయకండి, వేరే గడిలో పెట్టి నోట్ పుస్తకంలో రాయండి.

## ఇప్పటిదాకా తెలిసినవి

ఇన్నేళ్ల శ్రమతో తెలిసిన పెద్ద విషయం ఏమిటి?

నాకు మనసుకు దగ్గరైనవి మూడు. మొదటిది మన హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలోంచి వచ్చింది. అక్కడి రెండు కోర్లతో 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్టన్ హిమయుగాల రాకపోకలకు లయ కడుతున్నది భూకక్ష్య మార్పులేనని చూపారు. లక్ష, 42 వేల, 23 వేల ఏళ్ల ఆవృత్తులు బయటపడ్డాయి. ఐసోటోపులతో పాటు వాళ్లు వాడినది సైక్లాడోఫోరా డేవిసియానా అనే రేడియోలేరియా శాతం. హిమయుగ పొరల్లో విరివిగా దొరికే ఈ జీవి ఈనాడు ఒఖోట్స్క్ సముద్రంలో తప్ప అంత సమృద్ధిగా కనిపించదు.

రెండోది ఉత్తర ధ్రువానికి 250 కిలోమీటర్ల దూరంలో 2004లో తీసిన కోర్. సుమారు 4.9 కోట్ల ఏళ్ల కిందటి పొరల్లో అజోల్లా నిండి ఉంది. మన పాడి రైతులు తొట్లలో పెంచి పశువులకు మేతగా వేసే అజోల్లాకు అది ప్రాచీన బంధువు. ఆర్కిటిక్ ఉపరితలం అప్పుడు మంచినీటి పొరతో కప్పి ఉండేదన్నమాట. అదే కోర్‌లో 5.6 కోట్ల ఏళ్ల కిందటి పొరలో వెచ్చని సముద్రాల డైనోఫ్లాజెల్లేట్ తిత్తులు దొరికాయి.

మూడోది 2006లో మెక్‌మర్డో మంచు పలక కింద తవ్విన 1,285 మీటర్ల కోర్. అందులో హిమానీనదపు కంకర పొరలూ, తెల్లని డయాటమ్ పొరలూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కంకర అంటే మంచు పైన ఉంది, డయాటమ్‌లు అంటే సముద్రం తెరుచుకుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఈనాటి స్థాయికి దగ్గరగా ఉన్న ప్లియోసీన్ కాలంలో (సుమారు 53 నుంచి 26 లక్షల ఏళ్ల కిందట) పశ్చిమ అంటార్కిటికా మంచు పలుమార్లు వెనక్కి పోయిందని ఆ చారలు చెప్పాయి. ఆ కోర్ ఫొటోను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పక్కకు తిప్పలేకపోయాను.

దీనికీ మన వానలకూ సంబంధం ఉందా?

అనంతపురంలో ఈ ఏడు వాన ఎందుకు తప్పిందో ఒక డయాటమ్ చెప్పదు, అలా ఎవరైనా అంటే నమ్మకండి. సంబంధం పెద్ద కాలాల్లో ఉంది. నైరుతి రుతుపవనాలకు ఊపునిచ్చే గాలి దక్షిణ హిందూ మహాసముద్రంలోని మాస్కరీన్ దీవుల దగ్గరి అధిక పీడన ప్రాంతం నుంచి బయలుదేరుతుంది. అంటార్కిటికా దగ్గర మునిగిన చల్లని నీరు హిందూ మహాసముద్రపు అడుగున ఉత్తరానికి పాకుతుంది. ఆ దక్షిణ సముద్రం వేల ఏళ్లలో ఎలా మారిందో తెలిస్తేనే రుతుపవనాలు ఎందుకు బలపడ్డాయో, ఎందుకు సన్నగిల్లాయో పోల్చి చూడగలం.

## ఇక్కడి నుంచి

కడపలోనో అనంతపురంలోనో చదివితే ఈ పనికి వెళ్లగలమా?

వెళ్లగలరు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం భూవిజ్ఞానం చెబుతున్నాయి. ఎమ్మెస్సీ తర్వాత పరిశోధనకు గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం, అక్కడే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ ఉన్నాయి. భారత్ మొదటి అంటార్కిటికా యాత్ర 1981లో గోవా నుంచి బయలుదేరింది. 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి స్థావరాలు అక్కడ పనిచేస్తున్నాయి, ఆర్కిటిక్‌లో 2008 నుంచి హిమాద్రి ఉంది. అంటార్కిటికాకు ఎంపికైనవాళ్లకు ముందు ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచులో శిక్షణ ఇస్తారు. 42 డిగ్రీల ఎండలో పెరిగిన పిల్లలు అక్కడ నిలవలేరని భయపడనక్కరలేదు.

మా అమ్మాయిని ఓడ ఎక్కించడం ఇష్టం లేదు. ఇక్కడే ఉండి చేయవచ్చా?

చేయవచ్చు. ఈ రంగంలో చాలామంది ఓడ ఎక్కకుండానే పనిచేస్తారు. పైకి తీసిన ప్రతి కోర్‌ను నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని ముట్టకుండా భద్రపరుస్తారు, రెండో సగంలోంచి నమూనాలు ఇస్తారు. సముద్ర డ్రిల్లింగ్ కోర్లు జర్మనీలోని బ్రెమెన్, అమెరికాలోని కాలేజ్ స్టేషన్, జపాన్‌లోని కోచి నిల్వశాలల్లో చల్లగా ఉన్నాయి. పరిశోధకులు కారణం రాసి అడిగితే పంపుతారు. అయితే ఒక మాట: ఓడ ఎక్కాలని అమ్మాయే కోరుకుంటే అడ్డు చెప్పకండి.

ఇప్పుడే, ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి?

మంచినీటి డయాటమ్‌లతో. కేసీ కాలువలోనో, బుగ్గవంకలోనో, ఊరి చెరువు గట్టునో నీటిలో మునిగిన రాయిని తాకి చూడండి. గోధుమ రంగు జిగట ఉంటే అందులో చాలాభాగం డయాటమ్‌లే. పాత పళ్ల కుంచెతో గీకి, చిన్న సీసాలో కాసిన్ని నీళ్లలో కడగండి. ఒక చుక్కను స్లైడు మీద వేసి, పైన పలుచని గాజు బిళ్ల కప్పి, పాఠశాలలో ఉండే 400 రెట్ల సూక్ష్మదర్శినిలో పెట్టండి. మొదట మట్టి నలుసులు కనిపిస్తాయి. కాంతి కొద్దిగా తగ్గించి ఓపికగా చూస్తే, పడవ ఆకారంలో, లోపల పసుపు గోధుమ రంగుతో ఒకటి నెమ్మదిగా జరుగుతూ పోతుంది. నావిక్యులా కావచ్చు. దాని బొమ్మ గీయండి. ఆమ్లాలు, పెరాక్సైడ్ ఇంట్లో వద్దు. సీసా మీద చోటు, తేదీ, నీటి లోతు రాసిన చీటీ అంటించాకే నీటిలో ముంచండి. తర్వాత రాద్దామనుకున్న సీసాలు మూడు నా అలమరలో ఇప్పటికీ పేరు లేకుండా ఉన్నాయి.